ఆది జాకెట్టు

నల్లకుంటలో శంకరమఠం వెనక సందులో మేమున్న ఇంటికి నాలుగు పోర్షన్లు. వీధి వైపుది మాది. ముందు గదిలో కిటికీ కింద అమ్మ కుట్టు మిషన్ ఉండేది. నాన్న గుమాస్తా జీతం నెలలో ఇరవయ్యో తారీఖు దాకా వచ్చేది. ఆ తర్వాతి పది రోజులూ ఇల్లు మిషన్ మీదే గడిచేది.

జాకెట్టు గుడ్డ పట్టుకుని ఎవరు గుమ్మంలోకి వచ్చినా అమ్మ అడిగే మొదటి మాట ఒకటే. "ఆది జాకెట్టు తెచ్చావా?"

ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చు. ఒంటికి చక్కగా అమరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తే, దాన్ని పక్కన పరుచుకుని ఆ కొలతలతోనే కొత్తది కత్తిరిస్తారు. అదే ఆది. అది లేనివాళ్ళను నిలబెట్టి, టేపుతో కొలిచి, అమ్మ ఒక పొడుగాటి లెక్కల పుస్తకంలో రాసుకునేది. అందులో ఎవరి పేర్లూ ఉండవు. "మూడో పోర్షన్ పిన్నిగారు", "మేడ మీది పంతులమ్మ", "పాలాయన కోడలు", "కండక్టర్ గారి పెద్దమ్మాయి". ఆ పక్కన అంకెలు. పొడవు 14, ఛాతీ 34, నడుం 28, చెయ్యి 9, మెడ ముందు 6, వెనక 7.

మిషన్ కింద కూర్చుని రాలిన గుడ్డముక్కలు ఏరుకుంటూ పెరిగిన దాన్ని నేను. ఎవరికి మెడ ఎంత దించాలో అమ్మ ఎవరినీ అడగక్కర్లేదని నాకు చిన్నప్పుడే అర్థమైంది. పెళ్ళికాని పిల్లకి ముందు అయిదు అంగుళాలు దాటదు. కొత్త పెళ్ళికూతురికి ఏడు దాకా దిగుతుంది. ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్ళీ ఆరుకు వస్తుంది. చెయ్యి పొడవు, వెనక మెడ, అంచుకి జరీ వెయ్యాలా వద్దా, అన్నీ అలాగే. ఒంటి కొలత టేపు చెబుతుంది. మిగతా కొలతలన్నీ వీధి చెబుతుంది.

మూడో పోర్షన్ పిన్నిగారి భర్త పోయినప్పుడు ఆవిడకు ఇరవై తొమ్మిదేళ్ళు. పన్నెండు రోజులూ గడిచాక ఒక మధ్యాహ్నం ఎనిమిది జాకెట్లు సంచీలో పెట్టుకుని వచ్చింది. "వీటి జరీ తీసెయ్యండి వదినగారూ, గుడ్డ పారెయ్యలేను కదా" అంది. అమ్మ సాయంత్రం దాకా బ్లేడు పెట్టి ఒక్కొక్క కుట్టూ విప్పింది. డబ్బులు తీసుకోలేదు. విప్పిన జరీ అంచులు చుట్టచుట్టి మిషన్ సొరుగులో పెట్టింది. వాటిని మళ్ళీ దేనికీ వాడలేదు. ఆవిడ వయసెక్కడికీ పోలేదు. తీసేసింది బట్ట మీది నుంచే. కానీ ఆ రోజు తర్వాత వీధిలో ఆవిడను ఎవరూ వయసులో ఉన్న మనిషిగా చూడలేదు. మల్లెపూల బండి మా సందులోకి వచ్చే వేళకి ఆవిడ తలుపు దగ్గరకు వేసుకునేది.

చిన్న మామయ్య గురించి రాద్దామని కూర్చుని ఇవన్నీ రాస్తున్నాను. కానీ ఇవి లేకుండా ఆయన కథ అర్థం కాదు.

అమ్మ వాళ్ళది తెనాలి. ఆ ఊళ్ళో నాటకం అంటే సంక్రాంతి పండగ లాంటిది. రామవిలాస సభలో స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టిన రోజుల గురించి మా అమ్మమ్మ నిన్నమొన్నటి సంగతిలా చెప్పేది. ఆయన కుచ్చిళ్ళు పెట్టే తీరు చూసి వచ్చి ఆడవాళ్ళు ఇంట్లో అద్దం ముందు ప్రయత్నించేవారట. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చినప్పుడు అమ్మకు పదమూడేళ్ళు. మామయ్యకు ఆరు. మామయ్య అప్పటికే అమ్మమ్మ పాత చీరలు చుట్టుకుని పెరట్లో పద్యాలు పాడేవాడు. అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవారు.

1973లో ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లో మా ఇంట్లో దిగాడు. పగలంతా ఆఫీసు. సాయంత్రం నాటకాల రిహార్సళ్ళు. అప్పట్లో ఆఫీసు ఉద్యోగులందరూ కలిసి నాటక సమాజాలు నడుపుకునేవారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, పెద్ద సందర్భమైతే రవీంద్ర భారతిలో ప్రదర్శన. ఆడవాళ్ళ వేషాలకు ఆడవాళ్ళు వస్తున్న కాలమే అది. అయినా పద్యనాటకంలో సత్యభామ అంటే మా మామయ్యనే పిలిచేవారు.

నాటకం రోజున ఇల్లంతా ఆయనదే. రెండుసార్లు గడ్డం గీసుకునేవాడు. ముఖానికి అర్దళం రంగు పూసే రోజులు పోయి పాన్‌కేక్ మేకప్ వచ్చింది. సవరం కట్టి జడ అల్లడం, రాగిడి, జడబిళ్ళ, కుచ్చులు పెట్టడం అమ్మ పని. జాకెట్టు అమ్మ కుట్టిందే. లోపల దూది పట్టడానికి రెండు అంగుళాలు ఎక్కువ పెట్టేది. ముందువైపు నగలు తీరుగా కూర్చోవాలని హుక్కులు వీపు మీద పెట్టేది. తొమ్మిది హుక్కులు. వాటిని పెట్టడం నా పని. ఒక్కొక్కటీ పెడుతుంటే మామయ్య భుజాలు కొద్దికొద్దిగా కిందికి దిగేవి. మెడ నిలబడేది. తొమ్మిదోది పెట్టేసరికి వెనక్కి తిరిగి నన్ను చూసే మనిషి వేరుగా ఉండేది.

ఆయనే నన్ను ఒకసారి రవీంద్ర భారతికి కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం చూపించడానికి తీసుకెళ్ళాడు. తెర పట్టుకున్నారు. మనిషి కనిపించలేదు. తెర మీదుగా జడ ఒక్కటే వచ్చి ఇవతలికి పడింది. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ జడ ఒక సవాలు, ఆటలో సత్యభామను ఓడించగలిగినవాడు దాన్ని కొయ్యవచ్చు అని మామయ్య చెవిలో చెప్పాడు. కూచిపూడిలో తరతరాలుగా భాగవతుల ఇళ్ళలో మగవాళ్ళే సత్యభామ అయ్యారని, ఆడపిల్లలు ఆ ఆటలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే అని కూడా చెప్పాడు. నాకు అప్పుడు అది వింతగా అనిపించలేదు. మా ఇంట్లో రోజూ చూసేదే కదా.

మా తమ్ముడి ఫోటో ఒకటుంది. 1975లో తీసింది. తిరుపతి మొక్కు ఉండి వాడికి మూడేళ్ళు వచ్చేదాకా పుట్టువెంట్రుకలు తీయించలేదు. తీయించేముందు మగపిల్లాడికి ఆడపిల్ల వేషం వేసి ఫోటో తీయించుకోవడం మన ఇళ్ళల్లో ఉన్నదే. అమ్మ పట్టు పరికిణీ కుట్టింది. మామయ్య మొగలిరేకులు, చామంతులు కలిపి పూలజడ వేశాడు. నారాయణగూడ స్టూడియోలో వెనక అద్దం నిలబెట్టి, ముఖమూ జడా రెండూ పడేలా తీశారు. కళ్ళకు కాటుక, బుగ్గన దిష్టిచుక్క, చేతుల నిండా గాజులు. వాడి నవ్వు చూడాలి.

గుండు చేయించుకుని వచ్చాక వాడు చాలా రోజులు జడ కోసం ఏడ్చాడు. బొట్టు పెట్టమని అమ్మ వెనక తిరిగేవాడు. మొదట అందరూ నవ్వారు. రెండో నెలలో నాన్న వీపు మీద ఒక్కటి వేశాడు. "మగవెధవకి బొట్టేమిటి?" అన్నాడు. అదే నాన్న ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. మూడేళ్ళవాడికి ఏ రోజు నుంచి ఏది తప్పయిందో ఎవరూ చెప్పలేదు. వీపు మీద పడ్డ దెబ్బతోనే తెలుసుకున్నాడు. తర్వాత వాడికి పెళ్ళిచూపులు వచ్చినప్పుడు ఆ ఫ్రేమును వాడే తీసి బీరువా మీద బోర్లించాడు.

మా తాతయ్యకు వెనక ముడి ఉండేది. రెండు చెవులకూ పోగులుండేవి. ఆయన్ని ఎవరూ ఆడంగి అనలేదు. డెబ్బైల్లో కుర్రాళ్ళంతా చెవులు కప్పేలా జుట్టు పెంచి, పూలపూల చొక్కాలు వేసుకుని ఆబిడ్స్‌లో తిరిగితే దాన్ని ఫ్యాషన్ అన్నారు. మామయ్య మాత్రం తెల్లచొక్కా, నల్ల ప్యాంటు, పొట్టి క్రాపుతో ఆఫీసుకు వెళ్ళేవాడు. ఆయన్ని అనేవారు ఆ మాట. చెయ్యి తిప్పే తీరును బట్టి, మెట్లు దిగే తీరును బట్టి. బస్టాపులో ఒకడు వెనక నుంచి గాజుల చప్పుడు నోటితో చేశాడు. నేను పక్కనే ఉన్నాను. మామయ్య వినపడనట్టు నన్ను ఏడో క్లాసు లెక్కల గురించి అడిగాడు.

నాది ఎదురు బాధ. తమ్ముడి నిక్కరు, నాన్న పాత చొక్కా వేసుకుని సైకిల్ తొక్కేదాన్ని. మగరాయుడు అన్నారు. ఆ మాటలో కొంత మురిపెం ఉండేది, పన్నెండేళ్ళు వచ్చేదాకా. ఒక ఆదివారం మామయ్య నన్నూ తమ్ముణ్ణీ మౌలాలీ గుట్ట దగ్గరకు తీసుకెళ్ళి, దాని కింద ఉన్న ఒక సమాధి చూపించాడు. మహలఖా బాయి చందా అని 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి. మగవేషం వేసుకుని గుర్రమెక్కి నిజాం సైన్యం వెంట యుద్ధాలకు కూడా వెళ్ళిందని, బాణం వెయ్యడం తెలుసని చెప్పాడు. "ఈ ఊళ్ళో నిన్ను మగరాయుడని ఎవరైనా అంటే ఈమెను గుర్తు తెచ్చుకో" అన్నాడు. నాకు ఆ సమాధి కంటే ఆ రోజు ఆయన ముఖమే ఎక్కువ గుర్తు.

1980లో నాకు ఓణీ వేశారు. బంధువులు, అక్షింతలు, హారతి. ఆ రోజు నుంచి సైకిల్ తమ్ముడిదయింది. అమ్మ కొలత తీస్తూ "భుజాలు ముందుకు వంచకే" అని కసిరేది. బయటికి వెళ్తే అదే అమ్మ "ఓణీ సరిగా వేసుకో" అనేది. ఒళ్ళు దాచుకోవడానికి భుజాలు వంచాలి, వంచితే కసురుతారు. నడవడం కూడా చేతకాని దానిలా అయిపోయాను. పరికిణీ కుచ్చులు కాళ్ళకు అడ్డం పడేవి. ఒకసారి గుడి మెట్ల మీద పడి మోకాలు చీరుకుపోయింది.

ఆ సాయంత్రం మామయ్య నన్ను నడవాలో నిలబెట్టి నడక నేర్పాడు. పరికిణీని ఎడం చేత్తో ఎక్కడ పట్టుకోవాలి, ఎంత ఎత్తాలి. అడుగు వేళ్ళతో కాదు, మడమతో వెయ్యాలి. కూర్చునేముందు కుచ్చులు వెనక్కి ఎలా సర్దుకోవాలి. ఓణీ జారితే కంగారుగా లాక్కోకుండా భుజం కొద్దిగా తిప్పితే అదే సర్దుకుంటుంది. నేను మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. తనూ నా పక్కనే లుంగీ పట్టుకుని నడిచాడు.

"నీకెలా తెలుసు మామయ్యా ఇదంతా?"

"చూసి నేర్చుకున్నానే. మీ అమ్మమ్మను చూశాను. మీ అమ్మను చూశాను. బావి దగ్గర నీళ్ళు తోడేవాళ్ళను చూశాను."

"నాకెందుకు రాదు మరి? నేను ఆడపిల్లనే కదా."

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఎవరికీ పుట్టుకతో రాదమ్మా. మీ అమ్మకీ ఎవరో ఒకరు నేర్పారు. నీకు నేర్చుకోక తప్పదు. నేను వద్దన్నా నేర్చుకున్నాను. అంతే తేడా."

1981 ఆషాఢం. నాకు పదమూడేళ్ళు. గోల్కొండ బోనాలు అయిపోయాయి, లాల్ దర్వాజా బోనాలు రాబోతున్నాయి. నాన్న ఆఫీసుకు వెళ్ళిపోయాక తలుపు చప్పుడైంది. తీశాను. పొడుగ్గా, పసుపురంగు చీర కట్టుకుని, రూపాయంత బొట్టుతో ఒక మనిషి. చేతిలో కాగితం పొట్లం. గొంతు విన్నాక నాకు అర్థమైంది.

"అమ్మ ఉన్నదా బిడ్డా? జాకిట్లు కుడ్తదంట గద."

అమ్మ వచ్చింది. తలుపు సగం దగ్గరకు వేసింది. ఈ మాట దాచను, మా అమ్మ మొదట భయపడింది. "చేతినిండా పనుందమ్మా, పండగ కదా" అంది. ఆమె తల ఊపి, పొట్లం మళ్ళీ దారంతో కట్టుకోబోయింది. ఆ దారం ముడి పడుతుంటే అమ్మ నోట్లోంచి అలవాటు మాట వచ్చేసింది.

"ఆది జాకెట్టు తెచ్చావా?"

ఆమె ఆగింది. "ఆది యాడిదమ్మా. నా కొలతకు కుట్టింది ఒక్కటి గూడ లేదు. అన్నీ ఒకలు విడిచినయి ఇంకొకలు తొడుగుడే. బజార్ల టైలర్లు టేపు పెట్టనంటరు. అమ్మవారికి బోనం ఎత్తుతున్న. ఈ ఒక్కటన్న నాది నేను తొడుక్కోవాలని ఉన్నది."

అమ్మ తలుపు పూర్తిగా తీసింది.

లోపల నిలబెట్టి కొలత తీసింది. నన్ను పుస్తకం పట్టుకుని అంకెలు రాయమంది. భుజం 17. అమ్మ మళ్ళీ కొలిచింది. 17. "చంక దగ్గర పట్టేస్తుంది, అక్కడ పట్టీ వేసి కుడతాను, చెయ్యి ఎత్తినా లాగదు" అంది. బోనం నెత్తిన పెట్టుకుంటే చెయ్యి ఎత్తాలి కదా, దాని కోసం. ఎవరికి కుట్టినా అమ్మ అలాగే ఆలోచించేది, ఆ జాకెట్టు వేసుకుని ఆ మనిషి ఏం పని చేస్తుంది అని. తర్వాత మెడ దగ్గరకు వచ్చింది. నేను పెన్ను పట్టుకుని చూస్తున్నాను. అమ్మ ఎవరినీ అడగని ప్రశ్న అడిగింది.

"మెడ ఎంత దించను?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వెంత తొడుక్కుంటవో గంతనే పెట్టమ్మా" అంది.

మెడ ముందు 6 అని రాయమంది అమ్మ.

అయిదు రూపాయలు అడిగితే పది ఇచ్చింది. అమ్మ అయిదు వెనక్కి ఇచ్చేసింది. వెళ్ళేటప్పుడు ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, కణతల దగ్గర మెటికలు విరిచింది.

ఆ సాయంత్రానికే సందంతా తెలిసింది. ఇంటి ఓనరు భార్య నాన్నతో మాట్లాడింది. "ఎదిగే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఇదేమిటి" అని నాన్న గట్టిగానే అరిచాడు. అమ్మ అన్నం వడ్డిస్తూ "గుడ్డ తెచ్చింది, కుట్టాను" అంది. మామయ్య తల ఎత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అమ్మ దగ్గరికి వెళ్ళి ఏదో అడిగాడు. అమ్మ లేచి కుట్టిన జాకెట్టు తీసి చూపించింది. ఆకుపచ్చ గుడ్డ, ఎర్ర అంచు. దాన్ని చేతిలోకి తీసుకుని చంక పట్టీ లోపలి కుట్టు మీద వేలితో అటూ ఇటూ రాశాడు. మడత పెట్టి ఇచ్చేశాడు.

ఆ తర్వాత కూడా ఆషాఢం వచ్చిందంటే ఆమె వచ్చేది. 1986లో మేము ఉప్పల్ వెళ్ళిపోయేదాకా. ఒక ఏడాది మమ్మల్ని లాల్ దర్వాజాకు రమ్మంది. వెళ్ళాం. ఒళ్ళంతా పసుపు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడాతో పోతరాజులు. అమ్మవారు ఒంటి మీదికి వచ్చే శివసత్తులు జుట్టు విరబోసుకుని ఊగుతున్నారు. వాళ్ళల్లో మగపుట్టుక పుట్టి చీర కట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. జనం వాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోసి దండం పెడుతున్నారు. మా ఓనరు భార్య లాంటి ఆడవాళ్ళే పిల్లల్ని ముందుకు తోసి బొట్టు పెట్టించుకుంటున్నారు. మర్నాడు అదే మనుషులు సిటీబస్సు ఎక్కితే పక్క సీటు ఖాళీగా ఉండేది. ఇది నా మనసులో ఎన్నేళ్ళయినా కుదురుకోలేదు. దేవుడి కోసమైతే సరే. నాటకం కోసమైతే సరే, శాలువా కూడా కప్పుతారు. మూడేళ్ళ పిల్లాడైతే ఫోటో తీయిస్తారు. ఒక మనిషి నాకిలా ఉండాలని ఉంది అంటే మాత్రం ఆ చీరే పాపమైపోతుంది.

1983 మాఘమాసంలో మామయ్య పెళ్ళి. అప్పటికి ఆయనకు ముప్ఫై మూడు. మూడు సంబంధాలు వేషాల సంగతి తెలిసి వెనక్కి పోయాయి. "చేతికి గాజులు తొడుక్కునేవాడికి పిల్లనెలా ఇస్తాం" అని ఒకాయన మా హాల్లో కూర్చునే అన్నాడు. నాలుగో వాళ్ళు రెండు షరతులు పెట్టారు. నాటకాలు మానెయ్యాలి. మీసం పెంచాలి. రెండింటికీ ఒప్పుకున్నాడు. మీసం రావడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా అద్దంలో చూసుకోకుండా తల దువ్వుకునేవాడు. పెళ్ళి ఫోటోల్లో సూటు వేసుకుని, నిటారుగా, చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు. ఒక్క ఫోటోలో కూడా ఆ చేతులు కనిపించవు.

అత్తయ్య మంచి మనిషి. ఆవిడ జీవితం ఆవిడదే, దాన్ని గురించి నేను రాయకూడదు. మామయ్యకు ఎవరి మీద ఇష్టముండేదో, ఎవరినీ కోరుకోలేదో, తన గురించి తను ఏమనుకున్నాడో నేను ఎప్పుడూ అడగలేదు. చీర కట్టిన మగవాడు కాబట్టి ఇలాంటివాడే అయి ఉంటాడని అందరూ తేల్చేశారు. మీసం పెంచాడు కాబట్టి మారిపోయాడని మళ్ళీ అందరూ తేల్చేశారు. రెండుసార్లూ వాళ్ళు చూసింది ఒంటి మీది సరుకే. 2009లో నిద్రలోనే పోయాడు. పాడె మీద కూడా మీసం దువ్వి ఉంది.

2023 జూలైలో పేపర్లో ఒక వార్త చదివాను. తెలంగాణ హైకోర్టు యునక్స్ యాక్ట్, 1329 ఫసలీ అనే చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఫసలీ అనేది నిజాం కాలపు సంవత్సరాల లెక్క. 1329 ఫసలీ అంటే 1919. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు వేసిన పిటిషన్ మీద జూలై 6న వచ్చిన తీర్పు. బ్రిటిష్ వాళ్ళు 1871లో చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం నమూనాలోనే నిజాం కాలంలో దీన్ని చేశారు. దాని ప్రకారం హిజ్రాల పేర్లు, ఉండే చోట్లు ప్రభుత్వం ఒక రిజిస్టర్‌లో రాసుకుంటుంది. ఆ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళ బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపించినా, పాటలు పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా జైల్లో పెట్టవచ్చు. మూసీ ఒడ్డున హైకోర్టు భవనం ఎర్రరాళ్ళతో లేచిన కాలంలోనే పుట్టిన చట్టం అది. నూటనాలుగేళ్ళు పుస్తకాల్లో ఉంది.

పేపరు మడిచి చాలాసేపు కూర్చున్నాను. 1981లో అమ్మకు అయిదు రూపాయలిచ్చి జాకెట్టు కుట్టించుకున్న మనిషిని, చాదర్‌ఘాట్ నుంచి నల్లకుంట దాకా ఆ పసుపు చీరలో నడిచి వచ్చినందుకే పట్టుకోగలిగే చట్టం ఒకటి ఈ ఊళ్ళో అప్పుడు అమల్లో ఉంది. అదే ఏడాది మా మామయ్య అలాంటి చీరే కట్టుకుని స్టేజీ మీద నిలబడితే దండ వేశారు. ఆ దండ వేసినవాళ్ళల్లో ఎవరికీ ఈ చట్టం సంగతి తెలిసి ఉండదు. నాకూ తెలియదు. ఆమెకు తెలిసే ఉంటుంది. అందుకే కాబోలు ఎప్పుడూ ఎండ నడినెత్తిన ఉన్న వేళకే వచ్చేది, సందులో ఎవరూ ఉండరని.

అమ్మకు ఇప్పుడు ఎనభై రెండు. చూపు మందగించింది, మిషన్ తొక్కడం మానేసి పదేళ్ళయింది. మిషన్ మాత్రం అమ్మ మంచం పక్కనే ఉంటుంది. 2024 డిసెంబరులో మన ట్రాఫిక్ పోలీసులు ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. ఆ తర్వాత ఒక రోజు ఒక సిగ్నల్ దగ్గర యూనిఫాంలో ఒకామె చెయ్యి ఎత్తి బండ్లను ఆపుతుంటే చూశాను. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను.

"చెయ్యి ఎత్తుతుంటే చంక దగ్గర పట్టేస్తోందా, సరిగ్గా కుట్టారా?" అంది అమ్మ.

నేను సరిగా చూడలేదన్నాను. "ఈసారి చూడు" అంది. తర్వాత కాసేపటికి, "ఆ పుస్తకం తియ్యి ఓసారి, మిషన్ సొరుగులో అడుగున ఉంటుంది" అంది.

జరీ చుట్టలు ఇంకా ఉన్నాయి, నల్లబడిపోయి. వాటి కింద పుస్తకం. పేజీలు పసుపు పట్టాయి. నేను చదువుతుంటే అమ్మ కళ్ళు మూసుకుని వింటూ ఉంది. మేడ మీది పంతులమ్మ. పాలాయన కోడలు. నా చేతిరాతతో ఒక పేజీ, భుజం 17, మెడ ముందు 6. ఆ రోజు పైన ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాను. ఆ ఖాళీలో తర్వాత ఎప్పుడో అమ్మ రాసింది. "చాదర్‌ఘాట్ అక్క".

ఇంకో నాలుగు పేజీలు తిప్పితే "తమ్ముడు". 1974, ఛాతీ 36, దూదికి 2, వెనక హుక్కులు. 1978, ఛాతీ 37, దూదికి 2, వెనక హుక్కులు. 1982, ఛాతీ 38, దూదికి 2, వెనక హుక్కులు. అక్కడితో అయిపోయిందనుకుని పేజీ తిప్పబోయాను. కింద ఇంకా ఉన్నాయి. సిరా రంగు వేరు. 1985, ఛాతీ 39, ముందు హుక్కులు. 1988, ఛాతీ 40, ముందు హుక్కులు. 1992. 1997. 2003, ఛాతీ 43, ముందు హుక్కులు. దూది అన్న మాట లేదు.

"పెళ్ళయ్యాక మామయ్య నాటకాలు వెయ్యలేదు కదమ్మా" అన్నాను.

"లేదు."

"మరి ఇవి?"

"నూలు గుడ్డలవే. లేత రంగులు. ఇంట్లో కట్టుకునే వాయిల్ చీరల మీదికి." అమ్మ చెయ్యి చాచి ఆ పేజీని తడిమింది, ఆ అంకెలు కనిపిస్తున్నట్టే. "ఎక్కడ కట్టుకునేవాడో నేనడగలేదు. గుడ్డ తెచ్చేవాడు, కుట్టి ఇచ్చేదాన్ని."

నేను ఆ తారీఖులే చూస్తూ ఉన్నాను.

"స్టేజీ వాటికైతే వెనక పెట్టేదాన్ని, నువ్వు పెట్టేదానివి కదా" అంది అమ్మ. "వీటికి ముందు పెట్టాను. ఒక్కడే వేసుకోవాలిగా."